మాట మింగిన సైలెన్సర్

తిరపతమ్మ తన మొగుడికి చెప్పిన మాటలో సగాన్ని ఒక ఇంజనీరింగు కాలేజీలో పొయ్యిలో పెట్టి కాల్చేశారు. కాల్చింది పరాయివాళ్ళు. విన్నదీ పరాయివాళ్ళే. ఇందులో రెండో మాటకు తావు లేదు. ఆమె మొగుడు మస్తాన్రావు ఎవరినీ సాక్ష్యం పిలవలేదు, ఎవరి సంజాయిషీకీ చెవి ఒగ్గలేదు.

విజయవాడ ఆటోనగర్లో సైలెన్సర్‌ని డబ్బా అంటారు. మస్తాన్రావు చేసేది లారీ డబ్బాలు. చదివింది ఊళ్ళో ఏడో తరగతి దాకా. తరువాత లారీ ఎక్కాడు, లారీ దిగి షాపు పెట్టాడు. రేకు చుట్టడం, చిల్లుల జాలిపైపు దింపడం, అతుకు పెట్టడం చేతికి వచ్చిన విద్య. చేతికి రానిది ఒక్కటే, అది ఆ వీధిలో ఎవరి చేతికీ రాలేదు.

లారీ కూడా ఊపిరి పీల్చి వదిలేదే. కంపెనీ డబ్బాలో పొగ లోపలి గదులన్నీ తిరిగి, చిల్లుల్లో దూరి, అలిసిపోయి బయటపడుతుంది. చప్పుడు తగ్గుతుంది, నిజమే. కానీ లోడుతో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఇంజను ముక్కు మూసినట్టు రొప్పుతుంది. డ్రైవర్లు ఆ బాధ పడలేక గడ్డపలుగుతో లోపలి రేకులు పొడిచేస్తారు. అప్పుడు బండి గుర్రంలా లాగుతుంది, దారిలో ఉన్న ప్రతి ఊరూ ఉలిక్కిపడి లేస్తుంది. పొగకి దారి ఇస్తే చప్పుడు ఆగదు, చప్పుడుకి అడ్డం పెడితే పొగ పోదు. రెండూ ఒకే గొట్టంలో పోయేవే. పొగని పోనిచ్చి చప్పుడుని మాత్రం పట్టుకునే డబ్బా చెయ్యాలని మస్తాన్రావు పట్టు. చేసిన ప్రతి డబ్బానీ పరీక్ష చేసేది తిరపతమ్మ.

ఆ పరీక్ష ఇలా ఉండేది. షాపు ముందు లారీ నిలబెట్టి, అతను క్యాబిన్లో కూర్చుని ఎక్సలేటరు పూర్తిగా తొక్కేవాడు. ఆమె పొగ గొట్టం మూతి పక్కన ముక్కాలిపీట వేసుకుని, వంటింట్లో మాట్లాడే గొంతుతోనే మాట్లాడేది. అరవకూడదు. ఎన్ని మాటలు అతని చెవిన పడితే డబ్బా అంత మంచిది.

"ఏవయ్యా, దోసకాయ తెమ్మంటే చేదుది తెచ్చావు, ఆ కొట్టువాడు నీ మొహం చూసే అంటగట్టుంటాడు" అనేది.

అతను ఇంజను ఆపేవాడు. "దోసకాయ దాకా వచ్చిందే."

"మిగతాది?"

"రాలా. మళ్ళీ చెప్పు."

"నేనొకసారి చెప్పింది మళ్ళీ చెప్పను. డబ్బా బాగుచేసుకో, అప్పుడు వింటువుగాని."

అది ఆమె పద్ధతి. చెప్పిన మాట రెండోసారి చెప్పేది కాదు. కూరలో ఉప్పు తక్కువైందని ఒకసారి అంటే అన్నట్టే, వినకపోతే ఎవరి ఖర్మ వారిది. ఇంట్లో గడిపిన ఏళ్ళన్నిటిలోనూ మస్తాన్రావు ఆమె మాటలు ఎన్ని పోగొట్టుకున్నాడో లెక్క లేదు. ఉన్నప్పుడు అవి మాటల్లా అనిపించలేదు. ఇంట్లో గడియారం చప్పుడులాంటివి అనుకున్నాడు.

కానీ ఒక మాట కోసం మాత్రం మొదటినుంచీ అడుగుతూనే ఉన్నాడు.

పెళ్ళికి ముందు అతను కొండపల్లి దగ్గర క్వారీలో కంకర లారీ తోలేవాడు. క్వారీ నుంచి మెయిన్ రోడ్డుకి దిగే ఏటవాలు దారిలో, మలుపు దగ్గర తిరపతమ్మ పుట్టిల్లు. ఆమె తండ్రి క్వారీలో రాత్రి కాపలాదారు, పగలు నిద్రపోయే మనిషి. లారీలన్నీ ఆ ఇంటి పెంకులు అదిరేలా దిగేవి. మస్తాన్రావు మాత్రం మలుపుకి ముందే ఇంజను ఆపేసి బండిని దొర్లించుకుంటూ దిగేవాడు. టైర్ల కింద కంకర నలిగే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. వాకిట్లో ముగ్గు వేస్తున్న పిల్ల ఒక్కోసారి తలెత్తి చూసేది. బ్రేకు అందకపోతే చస్తావురా అని ఓనరు తిట్టాడు. "డీజిలు కలిసొస్తది" అన్నాడు మస్తాన్రావు. తోటి డ్రైవర్లు అడిగినా అదే చెప్పాడు. తనకు తాను కూడా అదే చెప్పుకున్నాడు.

ఆ తరువాత తిరపతమ్మకి ఆర్టీసీ కండక్టరు సంబంధం వస్తే వద్దంది. ఈ మసిమొహం మనిషిని చేసుకుంటానంది. ఎందుకో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అతనికీ చెప్పలేదు.

"కండక్టర్ని కాదని నన్నెందుకు చేసుకున్నావే?" అని అతను కొత్తలో అడిగాడు, నడి వయసులో అడిగాడు, జుట్టు నెరిశాక కూడా అడిగాడు.

"చెప్తాలే ఒకరోజు. ఒక్కసారే చెప్తా. చెవులు కడుక్కుని ఉండు."

పిల్లల్లేరు. ఉన్నవి డబ్బాలు, ఆ ప్రశ్న, సాయంత్రం పూట షాపు ముందు రెండు గ్లాసుల టీ. దానికేమీ లోటు అనిపించలేదు.

శమంత అనే అమ్మాయి షాపుకి వచ్చింది ఆ రోజుల్లోనే. ఊరి బయట ఇంజనీరింగు కాలేజీలో లోహాల పాఠం చెబుతుంది. చేతిలో బూడిద రంగు ముద్ద ఒకటి ఉంది. నురగ గడ్డకట్టినట్టుంది, మరమరాల ఉండంత తేలిక, సుత్తితో కొట్టినా చితకలేదు.

"ఇది వేడిని ఆపడానికి చేశాను బాబాయ్. లారీ డబ్బాలో పెడితే ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడాలి. మా ల్యాబులో అంత మంట, అంత అదురు రెండూ ఒకేసారి పెట్టలేం."

"పెట్టి చూద్దాం, పోయేదేముంది" అన్నాడు మస్తాన్రావు.

నేరుగా పోయే జాలిపైపు, దాని చుట్టూ నురగ, పైన రేకు తొడుగు. లోపల గదుల్లేవు, అడ్డాల్లేవు. ఇటునుంచి చూస్తే అటు వెలుతురు కనపడుతుంది. మొదటి డబ్బా పెట్టిన రోజే పది మాటల్లో ఎనిమిది వినపడ్డాయి. శమంత చప్పుడు కొలిచే మీటరు చూసుకుని నోరు తెరిచింది. ఆ పూట నుంచి వేడి సంగతి మరిచిపోయి చప్పుడు వెనకాల పడింది. కాలేజీ అయిపోగానే స్కూటీ మీద వచ్చేది. తిరపతమ్మ ఆమెకి పళ్ళెంలో అన్నం పెట్టి, "ముందు తినమ్మాయ్, చప్పుడు ఎక్కడికీ పోదు" అనేది. ఆ మాట ఎంత నిజమో అప్పుడు ముగ్గురికీ తెలియదు.

మస్తాన్రావు ఆ పిల్లకి తన పని నేర్పాడు. అందులో మొదటి పాఠం ఇది. "పాత డబ్బా ఏదైనా సరే ముందు పొయ్యిలో కాల్చాలి. మసి కాలి రాలితేనే లోపలి గుట్టు తెలుస్తది. కాల్చకుండా కోసినోడు వెర్రోడు." ఆటోనగర్లో అందరూ చేసేది అదే. శమంత బుద్ధిగా తల ఊపింది.

నురగ రకం మార్చారు, మందం మార్చారు. ఆఖరి డబ్బాని లారీ ఓనరు బసవపున్నయ్య కొత్త బండికి బిగించారు. మస్తాన్రావు క్యాబిన్ ఎక్కి ఎక్సలేటరు తొక్కాడు. పక్క షాపులో ఖాజా సమ్మెట దెబ్బ వినపడుతోంది. ఎదురుగా టీ బండి మీద గిన్నె చప్పుడు వినపడుతోంది. తన కాళ్ళ కింద అంత ఇంజను తిరుగుతున్నది వినపడటం లేదు. బండి మాత్రం తలుగు విప్పిన దూడలా ముందుకు దూకుతానంటోంది.

వెనక్కి తిరిగి చూశాడు. తిరపతమ్మ ముక్కాలిపీట మీద కూర్చుని మాట్లాడుతోంది. పెదవులు ఆడుతున్నాయి, మాట రావడం లేదు. రోజూ కంటే ఎక్కువసేపు మాట్లాడింది. మొహంలో దోసకాయ కోపం లేదు. కొంగు సర్దుకుని, కొంచెం నవ్వి, ఇంకా ఏదో అంది.

"ఏందే, నోరాడిస్తన్నావు, మాట రావట్లా?" అని కేకేశాడు. తన కేక కూడా తనకి సగమే వినపడింది.

ఇంజను ఆపి దిగాడు. "ఏమన్నావు?"

"చెప్పేశా."

"ఏంది చెప్పేసింది? ఒక్క ముక్క వినపళ్ళా."

"నీ పాత ప్రశ్నకి జవాబు. నీ డబ్బా గెలిచిన రోజు చెబుదామనుకున్నా. చెప్పా. నా తప్పేముంది?"

"తిరపతా, ఇంకోసారి చెప్పవే."

"మళ్ళీ చెప్పను" అని పీట తీసుకుని లోపలికి పోయింది, నవ్వుకుంటూ.

అతనూ నవ్వాడు. ఈవిడ ఎక్కడికి పోతుంది, రేపు కాకపోతే ఎల్లుండి చెప్పించవచ్చు అనుకున్నాడు. శమంత చప్పట్లు కొడుతోంది. డబ్బా దగ్గర్లో పుట్టిన ఏ చప్పుడైనా డబ్బాలోకే పోతోందనీ, అది ఇంజను చప్పుడో మనిషి మాటో దానికి తేడా లేదనీ ఆ సంబరంలో ఎవరికీ తోచలేదు.

మర్నాడు ఆ లారీ గోడౌనులో లోడుకి వెనక్కి వస్తోంది. క్లీనరు సైదులు వెనకాల నిలబడ్డాడు, అందరు క్లీనర్లూ నిలబడేచోటే. లారీ వెనక్కి పోవాలంటే డ్రైవరుకి కళ్ళు క్లీనరు గొంతులో ఉంటాయి. "రానీ, రానీ, రానీ" అన్నంతసేపూ రావాలి, "ఆపు" అంటే ఆపాలి. ఆ రోజు దూరంగా ఉన్నప్పుడు అన్న రానీలు వినపడ్డాయి. దగ్గరికొచ్చాక అన్న ఆపు వినపడలేదు. సైదులు కాలు అరుగుకీ లారీకీ మధ్య పడింది.

"ఆపమన్నా, గొంతు పగిలేలా అరిచా" అన్నాడు ఆస్పత్రిలో.

"వాడు నోరే తెరవలేదు. ఫోను చూసుకుంటన్నాడు" అన్నాడు డ్రైవరు. గోడౌనులో హమాలీలు కూడా ఏ కేకా వినలేదన్నారు. సైదులు అబద్ధాలకోరు అయ్యాడు. బసవపున్నయ్య డబ్బా పీకించి తెచ్చి షాపు ముందు పడేశాడు.

"నీ సైలెంటు డబ్బాకో దణ్ణం మస్తాన్రావ్. చప్పుడున్నదే బండి."

డబ్బా మూలన పడి ఉంది. ఆ నెలలోనే ఒక పొద్దున తిరపతమ్మ బియ్యం కడుగుతూ కూలబడింది. గుండె అన్నారు. గిన్నెలో నీళ్ళు అలాగే ఉన్నాయి.

కర్మకాండ కొండపల్లిలో జరిగింది. అన్నీ ముగించుకుని మస్తాన్రావు షాపుకి వస్తే మూలన డబ్బా లేదు.

"ఆ కాలేజీ అమ్మాయి పట్టుకుపోయిందన్నా" అన్నాడు ఖాజా. "సైదులు కేకని డబ్బా మింగిందేమో చూసి, అరిచాడో లేదో తేల్చాలంట. నీకు ఫోను చేస్తే ఎత్తలేదంట."

ఎత్తలేదు. పెళ్ళాం బూడిద చేతిలో పెట్టుకుని ఫోనెవరు ఎత్తుతారు? ఎత్తకపోతే ఆగాలి. మస్తాన్రావు లెక్క అంతే.

రెండు రోజులకి శమంత వచ్చింది. స్కూటీ ముందు గోనెసంచి ఉంది. ఆ పిల్ల మొహం చూస్తే ఏదో చెడ్డ కబురని తెలుస్తోంది.

"బాబాయ్, కూర్చోండి."

"నిలబడే వింటా. చెప్పు."

"ఆ నురగ చప్పుడుని చంపదు బాబాయ్. దాచుకుంటుంది. వచ్చినదాన్ని వచ్చిన వరసలో, లోపలి కొస నుంచి మూతి వైపు పేర్చుకుంటూ పోతుంది. ఎర్రగా కాలితే మళ్ళీ వదిలేస్తుంది. ఒక్కసారే. తరువాత నురగ పొడి అయిపోతుంది."

అతనికి సగం అర్థమైంది.

"ల్యాబు పొయ్యిలో మొత్తం పట్టక డబ్బాని అడ్డంగా రెండు ముక్కలు కోశాను. లోపలి ముక్కని ముందు కాల్చాను, మసి పోతుందని. ల్యాబులో ఇంజను లేదు, బాబాయ్. పొయ్యిలోంచి ఇంజను తిరిగిన చప్పుడు వచ్చింది. దాని వెంట పిన్నిగారి గొంతు." ఆ అమ్మాయి స్కూటీ మీంచి గోనెసంచి దించింది. "నేను గుర్తుపట్టేలోపు మాట మధ్యలో తెగిపోయింది. కోత అక్కడ పడింది. మిగతాది ఈ ముక్కలో ఉంది. దీన్ని ముట్టుకోలేదు."

మస్తాన్రావు గోనెసంచి వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఎవరు కాల్చమన్నారు నిన్ను?"

"మీరే చెప్పారుగా బాబాయ్. ఏ డబ్బా అయినా ముందు కాల్చాలని."

ఆ మాట నిజం. నిజమైనంత మాత్రాన క్షమించాలని ఎక్కడా రాసిలేదు. మస్తాన్రావు సంచి అందుకుని లోపల పెట్టాడు. అప్పటినుంచి ఆమెని అమ్మాయ్ అనలేదు.

"ఆదివారం రండి, మేడం గారూ. సైదుల్ని కూడా తీసుకురండి. వాడి కేక ఇందులోనే ఉండాలి. వాడు వినాలి. మీరిద్దరూ బయటే ఉండాలి."

"ఫోనులో రికార్డు చేద్దామండీ. మళ్ళీ రాదు."

"ఆమె మాట ఫోనులో పెడితే ఊరంతా తిరుగుద్ది. వద్దు."

ఆదివారం ఆటోనగర్ మూతపడుతుంది. సమ్మెటలుండవు, గ్రైండర్లుండవు, దారిలో కుక్కలు పడుకుంటాయి. ఆ నిశ్శబ్దంలో ఎన్నో ఆదివారాలు తిరపతమ్మ షాపు ముందు నేల చిమ్మి, ముక్కాలిపీట మీద కూర్చుని చిక్కుళ్ళు వలిచేది. పీట ఉన్నచోటే ఉంది. మస్తాన్రావు షట్టరు సగం దించాడు. బయట శమంత, చంకలో కర్రతో సైదులు.

కొలిమిలో బొగ్గు ఎర్రబడ్డాక సగం డబ్బాని పట్టుకారుతో దాని మీద పెట్టాడు. మసి పొగ లేచింది. ఇనుము నల్లగా, తరువాత బూడిదగా, తరువాత లోపలినుంచి ఎర్రగా అయింది. పొయ్యి పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. పరీక్షకి ఆమె కూర్చునే పద్ధతిలోనే, చెవి మూతి వైపు పెట్టి.

ముందు ఇంజను వచ్చింది. బసవపున్నయ్య బండి, పూర్తిగా తొక్కిన ఎక్సలేటరు. ఆ రోజు వినపడని హోరంతా ఇప్పుడు రేకుల కప్పు అదిరేలా వచ్చింది. దాని మధ్యలో, వంటింటి గొంతుతో, తిరపతమ్మ.

"... అందుకే నిన్ను చేసుకున్నా. ఇంకెందుక్కాదు. ఏవయ్యా, వినపడతందా? ఒక్కసారే చెప్తానన్నా, చెప్పేశా."

చిన్నగా నవ్వు. ఆ నవ్వు మీద దూరం నుంచి మగ గొంతు, "ఏందే, నోరాడిస్తన్నావు, మాట రావట్లా?" అది తనదే. ఎంత ధీమాగా ఉందో ఆ గొంతు. ఎదురుగా మనిషి ఉందన్న ధీమా.

తరువాత అంతా రోడ్డు. హారన్లు, గేట్లు, గోడౌను గోల. "రానీ, రానీ" అని ఒక గొంతు దగ్గరికొస్తూ, చివరికి షట్టరు దాటి ఆదివారం వీధంతా చీల్చుకుంటూ పోయింది. "ఆపు! ఆపు! అన్నా ఆపు!"

ఆ తరువాత పొయ్యిలో బొగ్గు చిటపట తప్ప ఏమీ లేదు. పట్టుకారు తగిలించగానే నురగ విభూదిలా రాలిపోయింది.

బయట సైదులు కర్ర మీద వంగిపోయి ఏడుస్తున్నాడు. "నా గొంతే, మేడం. నేను అరిచా. చూడండి, అరిచా."

"నేను రాసిస్తాను, అందరికీ చెప్తాను" అంటోంది శమంత.

మస్తాన్రావు షట్టరు ఎత్తుకుని బయటికొచ్చాడు. మొహం మీద చెమట, మసి. శమంత లేచి నిలబడింది.

"వినపడిందా బాబాయ్?"

"వినపడింది."

"సగమేగా. ముందు సగం నా దగ్గరుంది. పిన్నిగారు ఏమన్నారో ప్రతి ముక్కా గుర్తుంది. అది నా దగ్గర ఉండకూడదు బాబాయ్, మీది మీకు చెప్పేస్తాను." ఆమె తొందరపడింది. "కొండపల్లిలో ఆ ఏటవాలు దారి ఇంకా..."

"ఆగండి."

చెయ్యి ఎత్తాడు. ఆ చెయ్యి అలాగే గాలిలో కాసేపు ఉండిపోయింది. ఏటవాలు దారి. టైర్ల కింద నలిగే కంకర. ముగ్గు మీద నుంచి తలెత్తిన పిల్ల. డీజిలు కలిసొస్తది. ఎత్తిన చెయ్యి దించాడు.

"ఆమె చెప్పింది నాకు. మీకు కాదు. మీ నోటెంట నేను వినను."

"బాబాయ్, తెలిసి చెయ్యలేదు..."

"తెలిసి చేసినా తెలియక చేసినా కాలింది ఒక్కటే. ఆమె మళ్ళీ చెప్పనంది. మళ్ళీ చెప్పడానికి మీరెవరు? మీ సగం మీ దగ్గర ఉంచుకోండి. నా సగం నా దగ్గరుంటది."

సైదులు కళ్ళు తుడుచుకుని మధ్యలో పడ్డాడు. "అన్నా, ఆ పిల్ల ఏం చేసింది పాపం. అడిగి తెలుసుకో. పోయిన మనిషి మాట."

"నీ కేక నీకొచ్చింది. ఇంటికి పో, సైదులూ."

ఆ డబ్బా మళ్ళీ చేయలేదు. మూలన మిగిలిన నురగని సంచిలో కట్టి కాలేజీకి పంపేశాడు. శమంత ఫోన్లు చేసింది, ఒకసారి వచ్చి టీ బండి దగ్గర చాలాసేపు నిలబడింది. అతను గదులున్న పాత రకం డబ్బాకి రేకు చుడుతూ తలెత్తలేదు. ఇప్పుడు పరీక్షలు లేవు. లారీ నిలబెట్టి ఎక్సలేటరు తొక్కినప్పుడు వీధంతా దద్దరిల్లుతుంది. ముక్కాలిపీట ఖాళీగా అదురుతుంది. అతను దాని వైపు చూస్తూ కాసేపు తొక్కే ఉంచుతాడు.

కడుపులో మాట దాచుకోలేని ఖాజా ఒకరోజు అడగనే అడిగాడు. "అన్నా, వదిన ఆ రోజు డబ్బాలో ఏమందన్నా?"

మస్తాన్రావు వెల్డింగు అద్దం పైకెత్తి అతని మొహంలోకి చూశాడు.

"ఇంకొకసారి ఆ ఊసు నా దగ్గర ఎత్తకు. నీ దగ్గరే కాదు, దేవుడి దగ్గరైనా నేనెత్తను."

అద్దం దించుకుని మంట వెలిగించాడు.